తీరిక వేళ: కుండీలోని కరివేపమొక్క

అమెరికాలోని తెలుగువారి యిండ్లలో చలికాలము వచ్చునప్పటికి ఒక దృశ్యము తరచుగ కనబడుచుండును. ఎండ సోకు కిటికీ దగ్గర, ఇంటిలో అన్నిటికంటె మంచి స్థలమున, ఒక కుండీలో కరివేపమొక్క కొలువుదీరియుండును. బయట మంచు కురియుచుండగా లోపల దానికి ఉపచారములు జరుగుచుండును. మన ఊళ్ళలో కూరగాయలు కొన్నప్పుడు కొసరుగా ఊరక వేసెడి ఆకునకు ఇంత మర్యాద దక్కుట విచిత్రమే. పని తీరినవెనుక మనిషిని విడిచిపెట్టుటను కూరలోని కరివేపాకుతో పోల్చు జాతి మనది. సముద్రము దాటినపిదప ఆ సామెత తలక్రిందులైనది.

ఇది నేటి ముచ్చట మాత్రమే కాదు. చెరకుతోటల పనికి మారిషస్ ద్వీపమునకు పోయిన మన పెద్దల కాలమునుండియు ఈ చెట్టు మనవారి వెంబడి నడచుచున్నది. ఆ ద్వీపములో నేటికిని దీనిని కరిపులే అందురు. పేరు తమిళ సోదరుల నోటినుండి వచ్చినది. తాళింపు మాత్రము అందరిది.

తీరిక కాలమున క్రొత్త పని ఏదైన నేర్వవలెనని, దానివలన వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడైనట్లు నాలుగు డాలర్లు వచ్చిన మరియు మేలని తలంచువారు పలువురు గలరు. సంగీతము చెప్పువారు, రవికలు కుట్టువారు, ఊరగాయలు పెట్టువారు మన సమాజమున కొదువ లేరు. అయితే వీటికన్నిటికి ముందుగ కొంత విద్యయో, పనిముట్లో కావలెను. మొక్క పెంచుటకు కావలసినది ఓర్పు ఒక్కటే. అందును కరివేపమొక్కను ఈ మాసము ఏరి వ్రాయుటకు కారణమున్నది. ఆనందము, ఆదాయము, అపాయము మూడును ఒకే కుండీలో ఉన్న పని ఇది.

మొదట పెంచు విధము. కరివేప గింజ ధాన్యపు గింజవంటిది కాదు, నిలువయుండదు. నల్లగ పండిన పండును కోసి, గుజ్జు తీసి, కడిగి, నాలుగైదు దినములలోపల విత్తవలెను. నెల దాటిన గింజపై ఆశ పెట్టుకొనుట వ్యర్థము. వెచ్చని చోటనుంచినచో రెండు మూడు వారములకు మొలక వచ్చును. పెద్ద చెట్టు వేళ్ళనుండి లేచు పిలకలను వేరుతో సహా తీసి నాటుటయు గలదు. నీరు నిలువని మన్ను కావలెను. కుండీ అడుగున రంధ్రము లేకున్న మొక్క క్రుళ్ళును. రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగుచున్నదని తెలిసినప్పుడు లోపలికి తేవలెను. లోపలికి తెచ్చినపిదప కొంత ఆకు రాల్చును. దానికి కలతపడి నీళ్ళు కుమ్మరించువారే మొక్కను చంపుదురు. చలిలో అది నిద్రించును, నిద్రించువానికి అన్నము పెట్టరాదు. పులిసిన మజ్జిగను పలుచన చేసి పోయుట మన ఇల్లాండ్ర వాడుక. వేసవిలో అప్పుడప్పుడు ఒక గ్లాసెడు పోసిన చాలును. పూత వచ్చినప్పుడు చివురు గిల్లినచో ప్రక్కకొమ్మలు పుట్టి మొక్క గుబురగును. గింజలు కావలెనన్న ఒక మొక్కను మాత్రము పూయనీయవలెను.

ఈ పనిలోని సుఖము చెప్పినచో తెలియునది కాదు. క్రొత్త దేశమున పరిచయములు లేక, పగలెల్ల ఒంటరిగ గడుపు ఒక ఇల్లాలికి ప్రతిదినము ఉదయమున ఏదో ఒకటి మారియుండుట చిన్న సంగతి కాదు. నిన్న లేని చివురు నేడున్నది. అంతియే గాక ఈ మొక్క మనుష్యులను కలుపును. కుండీని చూచుటకు వచ్చిన పొరుగింటామె కాఫీ త్రాగి పోవును. పిలక అడుగుటకు మరల వచ్చును.

ఆదాయము సంగతి యేమన, ఇది సంపద కాదని ముందే చెప్పవలెను. గింజనుండి లేచిన మొక్క అమ్ముటకు తగినంత ఎదుగుటకు సుమారు రెండేండ్లు పట్టును. ఒక్కొక్కటి పదిహేను డాలర్ల చొప్పున ఇరువది మొక్కలు అమ్ముడుపోయినవనుకొందము. చేతికి 300 డాలర్లు వచ్చును. కుండీలకు, మన్నునకు, దీపమునకు పెట్టినది తీసివేసిన ఎంత మిగులునో లెక్క కట్టుకొనుడు. అయినను తన చేతితో సంపాదించిన ఆ కొద్దిపాటి పైకము విలువ వేరు. కరివేపాకు అమ్ముకొనుటయా అని ముక్కు విరుచువారు కొందరు గలరు. అట్టివారి మాట చెవిని పెట్టనక్కరలేదని నా అభిప్రాయము. వారు అంగడిలో నాలుగు రెమ్మలకు డాలర్లు చెల్లించి వచ్చుచున్నవారే.

ఇక అపాయము. ఇచ్చట పాఠకులు నిదానించి చదువవలెనని కోరుచున్నాను.

కరివేప నిమ్మ జాతికి చుట్టము. నిమ్మ, నారింజ, బత్తాయి, పంపరపనస, శివపూజకు వాడు మారేడు, వినాయక చవితినాటి వెలగ, ఇవి యన్నియు ఒకే వృక్ష కుటుంబములోనివి. నిమ్మజాతి చెట్లను నాశనము చేయు గ్రీనింగు తెగులు ఒకటి గలదు. దానిని చెట్టునుండి చెట్టునకు మోయునది సిల్లా అను చిన్న పురుగు. పొడవు మూడు మిల్లీమీటర్లే. కూర్చున్నప్పుడు తోకవైపు పైకెత్తి, తల వంచి రసము పీల్చును. కరివేపమొక్కకు ఆ తెగులు సోకదు గాని, ఆ పురుగు కరివేప లేతచివురులో గ్రుడ్లు పెట్టి సుఖముగ పెరుగును. అనగా మన మొక్క పచ్చగ కళకళలాడుచునే పొరుగువాని తోటకు శత్రువును మోసికొనిపోగలదు.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనబడినది. దానికి నివాసమైన వాటిలో ఆరెంజ్ జాస్మిన్ అను తెల్లపూల కంచెమొక్క ముఖ్యము. అదియు కరివేపకు దగ్గర చుట్టమే. అందమునకై జనులు అంగళ్ళలో కొనిపోయిన ఆ కుండీల వెంబడి పురుగు రాష్ట్రమంతట వ్యాపించినది. అట్టి మొక్కల మీదనే టెక్సాస్‌కును చేరి, 2001లో అచ్చట పట్టుబడినది. ఫ్లోరిడాలో తెగులు 2005లో బయటపడినది. 1997–98 పంటకాలమున 24 కోట్ల 40 లక్షల పెట్టెల నారింజలు పండిన ఆ రాష్ట్రమున 2023–24లో పండినవి సుమారు ఒక కోటి 80 లక్షల పెట్టెలు మాత్రమే. తుపానులును, తోటలు ఇండ్లస్థలములగుటయు కొంత కారణమే గాని, పెద్ద కారణము ఈ తెగులే. సోకిన చెట్టునకు నయము లేదు. ఆకు మచ్చలు మచ్చలుగ పసుపు తిరుగును, కాయ చిన్నదై వంకరపోయి చేదెక్కును, కొన్నేండ్లకు చెట్టు చచ్చును. కాలిఫోర్నియాలో ఈ తెగులు మొదట 2012లో కనబడినది పెద్ద తోటలో కాదు. లాస్ ఏంజిలిస్ దగ్గర హసియెండా హైట్స్‌లో, ఒక ఇంటి పెరటిలోని నిమ్మచెట్టుపై, పంపరపనస అంటు కట్టిన దానిపై. పెరటి చెట్టు మందునకు రాదందురు. ఇచ్చట పెరటి చెట్టే రోగమునకు దారి యైనది. నల్లగొండ బత్తాయి తోటలనో, గూడూరు నిమ్మతోటలనో ఎరిగినవారికి ఒక చెట్టు చచ్చిన రైతు యింట ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కారణముచేత అమెరికా వ్యవసాయశాఖ కరివేపమొక్కను నిర్బంధములో ఉంచినది. సిల్లా పురుగును బట్టి ఫ్లోరిడా, టెక్సాస్, లూయిసియానా, హవాయి మొదలగు రాష్ట్రములు పూర్తిగను, కాలిఫోర్నియా, ఆరిజోనాలలో కొన్ని భాగములును క్వారంటైన్ ప్రాంతములు. అచ్చటి కరివేపమొక్క శాఖవారి నియమముల ప్రకారము చికిత్సయు అనుమతిపత్రమును లేక సరిహద్దు దాటరాదు. ఇంటివద్ద పెంచు మనవంటివారికి అవి లభించుట కల్ల. కావున హ్యూస్టన్‌లోని అక్కగారు న్యూజెర్సీలోని చెల్లెలికి పిలక పంపుట, టాంపానుండి కారు వెనుక కుండీ పెట్టుకొని వచ్చుట, తపాలాలో మొక్కలు అమ్ముట, ఇవి మూడును చేయరాని పనులు. కొన్నిచోట్ల కోసిన పచ్చి ఆకునకు గూడ కట్టుబాట్లు గలవు. ఇండియానుండి పెట్టెలో పచ్చి ఆకు తెచ్చుటయు నిషిద్ధమే. విమానాశ్రయమున తీసి పారవేయుదురు. క్వారంటైన్ ప్రాంతములో నివసించువారు తమ ఊరిలో అమ్మదలచినను ముందుగ రాష్ట్ర వ్యవసాయశాఖను అడిగి తెలిసికొనవలెను. హద్దులు అప్పుడప్పుడు మారుచుండును గనుక నిరుటి మాట ఈ యేటికి చెల్లకపోవచ్చును.

న్యూజెర్సీ, ఒహాయో, ఇల్లినాయ్, మిషిగన్ వంటి చలి రాష్ట్రములలో నారింజ తోటలు లేవు. అచ్చట మొలిచిన మొక్కను అచ్చటివారికే ఇచ్చుటలో ఈ భయము తక్కువ. అయినను చెట్టుజాతి మొక్కలు అమ్ముటకు అనేక రాష్ట్రములలో నర్సరీ అనుమతి కావలెను. చిన్న అమ్మకములకు ఎంతవరకు మినహాయింపు అన్నది రాష్ట్రమును బట్టి యుండును. ఫోనులో అడిగిన అధికారులు చెప్పుదురు, అడిగినందుకు ఎవరును కోపగింపరు. ఎక్కడ నున్నను వారమునకొకసారి చివురులను వెనుదిప్పి చూచుట అలవరచుకొనుడు. లేత ఆకుల నడుమ తెల్లని మైనపు పోగులు కనబడినచో దానిని ఎవ్వరికిని ఈయక వ్యవసాయశాఖకు తెలియజేయవలెను.

మరియొక కట్టుబాటు మొక్కను గూర్చినది కాదు, మనిషిని గూర్చినది. హెచ్-1బి వీసాపై నున్నవారు తమ్ము పిలిపించిన యజమాని పనియే చేయవలెను. ప్రక్కన సొంత వ్యాపారము నడుపుటకు వీలులేదు. విద్యార్థులకును అనుమతి లేనిదే సంపాదన తగదు. హెచ్-4 వీసాపై భర్తతో వచ్చిన స్త్రీకి పని అనుమతి కార్డు ఉన్నగాని ఆదాయము కూడదు. ఆ కార్డును ఇచ్చు నియమము 2015 మే 26 నుండి అమలులోనికి వచ్చినది. అదియు అందరికి గాదు. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నము ఒక మెట్టు దాటియుండవలెను, అనగా యజమాని పెట్టిన ఐ-140 అర్జీ అంగీకరింపబడియుండవలెను, లేదా ఆరేండ్ల గడువునకు మీద పొడిగింపు వచ్చియుండవలెను. ఈ నియమమును కొట్టివేయుమని వేసిన దావా 2024లో అప్పీలు న్యాయస్థానమున ఓడినది, 2025లో సుప్రీంకోర్టు దానిని విచారణకు స్వీకరింపలేదు. కార్డు గలవారు సొంతముగ చిన్న వ్యాపారము చేసికొనవచ్చును. లేనివారు పదిహేను డాలర్ల కుండీకొరకు పదిహేనేండ్ల నిరీక్షణను పణముగ పెట్టుట వివేకము కాదు. ఇరుగుపొరుగువారికి ఊరక ఇచ్చి, వారు ప్రేమతో ఇచ్చిన కూరనారు పుచ్చుకొనుటలో లోపము లేదు. ఈ కట్టుబాటు న్యాయమా యని అడిగినచో, చదువుకొన్న స్త్రీని ఏండ్ల తరబడి కిటికీ దగ్గర కూర్చుండబెట్టుట న్యాయమని నేను చెప్పజాలను. న్యాయము కాదన్నంత మాత్రమున శిక్ష తప్పదు గనుక హెచ్చరించుచున్నాను.

పని చేయుటకు హక్కు గలవారు పన్ను సంగతి మరువరాదు. వేడుకకు చేసిన పనివలన వచ్చినదైనను ఆదాయమును పన్నుపత్రమున చూపవలెను. వేడుక యని చూపినచో ఖర్చులు తీసివేసికొనుటకు 2018 నుండి వీలులేదు; 2025 నాటి చట్టము దానిని శాశ్వతము చేసినది. వ్యాపారమని చూపినచో ఖర్చులు తీసివేయవచ్చును గాని, నికరముగ 400 డాలర్లు వచ్చినచో స్వయం ఉపాధి పన్ను 15.3 శాతము వంతున పడును. అయిదేండ్లలో మూడేండ్లు లాభము చూపినచో అది వ్యాపారమేనని ప్రభుత్వము సాధారణముగ ఒప్పుకొనును. మొదటి దినమునుండి ఒక పుస్తకమున జమాఖర్చు వ్రాసికొనుట మంచిది. మన్ను సంచి రసీదు గూడ దాచవలెను.

ఇన్ని కట్టుబాట్లు విని వెనుకాడువారికి గోంగూర నారును సూచించుచున్నాను. గోంగూర మందార జాతిది, నిమ్మజాతికి సంబంధములేదు, ఆ పురుగు దానిజోలికి రాదు. ఏటేటి కూరనారు గనుక దానిపై నియమములును సాధారణముగ సులువు. మంచు భయము తీరుటకు ఆరు వారముల ముందు చిన్న గిన్నెలలో ఇంటిలోనే విత్తి, వసంతమున నాలుగాకుల నారుగ అందరికిని అందింపవచ్చును. రెండేండ్లు కాచుకొననక్కరలేదు. ఒక చిక్కు మాత్రమున్నది. పగలు తగ్గినగాని గోంగూర పూయదు. ఉత్తరపు రాష్ట్రములలో కాయ ముదురులోపల మంచు పడి చెట్టు నల్లబడును, విత్తనము దక్కదు. కావున మిషిగన్‌లోనివారు ఏటేట ఈ దేశపు విత్తన వర్తకులవద్ద కొనవలసినదే, లేదా టెక్సాస్‌లోని చుట్టములను అడుగవలసినదే. విత్తుటకు ముందొక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టినచో మొలక త్వరగ వచ్చును.