పందిట్లో ఫ్లాషు.. తెల్ల గొడుగు

తిరువూరు దగ్గరి వినగడప లాంటి ఊళ్లలో పెళ్లి పందిరే ఫొటోగ్రాఫర్‌కు స్టూడియో. ఫ్లాష్ నేరుగా కొడితే పెళ్లికూతురి నుదుట జిడ్డు మెరుపు, వెనక నల్లటి నీడ. పైకి తిప్పికొడితే రంగుల షామియానా ఆ రంగునే ముఖానికి పూస్తుంది.

ఫ్లాష్‌కు తొడిగే ప్లాస్టిక్ డోమ్ చవకే. కానీ వెలుగొచ్చే చోటు పెద్దదైతేనే నీడ మెత్తబడుతుంది. డోమ్ చూస్తే అరచేతిలో ఇమిడేంత! తెల్లగోడల గదిలో పనికొస్తుంది తప్ప, ఆరుబయట వెలుగంతా వృథా.

తక్కువ ఖర్చులో మేలైనది తెల్ల గొడుగు. స్టాండు, ట్రిగ్గర్ ఖర్చూ కలుపుకోండి. ముఖానికి వీలైనంత దగ్గరగా పెట్టండి. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతే. గాలికి పడకుండా స్టాండుకు ఇసుక మూట కట్టండి.

ఏది కొన్నా ముందురోజే పరీక్షించండి. ముక్కు కింది నీడ అంచు కత్తితో కోసినట్టుంటే డబ్బు దండగే. తలంబ్రాలు మళ్లీ పోయించడం కుదరదు కదా!