వాకిట్లో వందనాలు, వంటింట్లో సణుగుడు

ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నవ్వుతూ పలకరించి, వంటింట్లోకెళ్ళి సణుక్కున్న రోజు మీకెప్పుడైనా ఉందా? నిజం చెప్పండి. నాకైతే అలాంటి రోజులు చాలానే ఉన్నాయి. అందులో ఒకటి ఈ వారం మీతో చెప్పుకుంటాను.

మాది శంషాబాద్. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అంతే, మా చుట్టాలందరికీ మా ఇంటి అడ్రసు కంఠతా వచ్చేసింది! తెల్లవారుజామున విమానమైతే ముందురోజే పెట్టెలతో సహా దిగుతారు. వాళ్ళకి వంట, పక్కలు, అర్ధరాత్రి కాఫీలు... ఓపికున్న రోజు అదొక సందడి.

ఆ రోజు నాకు ఓపిక లేదు. నీళ్ళ ట్యాంకరు రాలేదు. అత్తగారికి జ్వరం. సరిగ్గా అప్పుడే రాజోలు నుంచి మా ఆడపడుచు వచ్చింది. మావారి పిన్ని కూతురు. పిల్లలిద్దరినీ తల్లి దగ్గర వదిలి, ఇంటిపనికి కువైట్ వెళుతోంది. మళ్ళీ రెండేళ్ళకి గానీ రాదు.

"వందనాలు వదినా" అంది. "వందనాలమ్మా, రా రా" అన్నాను. ఆ పిల్ల ప్రయాణం బాగా జరగాలని ప్రార్థన చేసింది కూడా నేనే. ఆ తర్వాత పావుగంటకి పులిహోర కలుపుతూ మావారితో అన్నాను కదా, "మనది ఇల్లా, సత్రమా? ఊళ్ళో ఇన్ని లాడ్జీలుండగా మీ వాళ్ళకి మన కొంపే దొరికిందా?"

వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆ పిల్ల!

ఒక్క మాట అనలేదు. రాత్రి రెండింటికి లేచి దుప్పటి మడతపెట్టింది. తను తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించింది. నేను కట్టిన పులిహోర పొట్లం మాత్రం బల్ల మీదే వదిలేసింది. "విమానంలో పెడతారులే వదినా" అంది. ఎయిర్‌పోర్టులో టిక్కెట్టు లేనివాళ్ళని గుమ్మం దాటనివ్వరు కదా. అద్దాల వెనక పెట్టె తోసుకుంటూ ఆ పిల్ల వెళ్ళిపోతుంటే, "తప్పయిందమ్మా" అనే మాట నా గొంతులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి బైబిలు తెరిచాను. గుండెలో నిండినదే నోట్లోంచి పొర్లుతుందని యేసుప్రభువు చెప్పిన సంగతి మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ఉంది. మన వంటింటి భాషలో చెప్పాలంటే, గిన్నెలో ఉన్నదే గరిటెలోకి వస్తుంది. దేవుణ్ణి స్తుతించే నోటితోనే మనిషిని తిట్టడం తగదంటాడు యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో. ఇక పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయం చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చుట్టాలకి మర్యాదలు చేయండి, కానీ సణుక్కోకుండా చేయండి అని ఆయన ప్రత్యేకంగా రాశాడు. అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట కూడా నాలాంటి ఇల్లాళ్ళు ఉండేవారన్నమాట!

అయితే నోరు కట్టేసుకుంటే సరిపోతుందా? సరిపోదు. నోరు మూసుకుంటే గిన్నెలు మోగుతాయి. నా మనసులో ఉన్నది నిజానికి ఆ పిల్ల మీద కోపం కాదు, అలసట. పనంతా నా ఒక్కదాని నెత్తినే పడిందన్న ఉక్రోషం. ఆ మాటే మావారితో సూటిగా, "ఇవాళ నావల్ల కావడం లేదు, మీరు నీళ్ళ సంగతి చూడండి" అనుంటే ఎవరికీ నొప్పి ఉండేది కాదు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మాట ఉండాలని ప్రభువు చెప్పింది ఇందుకేనేమో. ఆదివారం గుడిలో చెప్పే వందనాలు అలవాటు కొద్దీ వచ్చేస్తాయి. మన మనసు ఎలా ఉందో తెలియాలంటే, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు మన నోటివెంట వచ్చే మాటలు మనమే వినాలి.

నాలుగో రోజున కువైట్‌కి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత అంది, "నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు వదినా. మాకు దిగడానికి నిజంగానే ఇంకో చోటు లేదు. అందుకే అంత బాధేసింది."

తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. ఆమె క్షమించింది. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. వినబడటమే మంచిదిలెండి.

ఈ వారం మీరూ ఒక పని చేసి చూడండి. చుట్టాలొస్తున్నారని తెలియగానే మీకు కష్టమనిపించేదేమిటో ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పేయండి, పని పంచుకోండి. ఇక ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, వాళ్ళు గుమ్మం దాటకముందే "తప్పయింది" అనేయండి. ఆ ఒక్క మాటకి నాలాగా నాలుగు రోజులు ఆగకండి.

ఉంటాను మరి.