ఊరి ఆరోగ్యానికి ఓ విలేకరి కావాలి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్లింట్ పట్టణం. 2015 జూలై. పంపు నీళ్లలో సీసం ఉందని జనం గగ్గోలు పెడుతున్నారు. స్థానిక పబ్లిక్ రేడియో సంస్థ మిషిగన్ రేడియో విలేకరి లిండ్సే స్మిత్ రాష్ట్ర పర్యావరణ శాఖను వివరణ అడిగారు. సీసం గురించి ఆందోళన పడుతున్నవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చని శాఖ అధికార ప్రతినిధి బదులిచ్చారు. మూడు నెలలు గడిచేసరికి ప్రభుత్వం మాట మార్చక తప్పలేదు. అక్టోబర్ 16న ఊరికి మళ్లీ డెట్రాయిట్ నీళ్లు వదిలారు. ఆ మూడు నెలల్లో ఏం జరిగిందో చూస్తే, స్థానిక ఆరోగ్య విలేకరి కూడా ప్రజారోగ్య వ్యవస్థలో భాగమేనని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నది నీళ్లకు మారారు. నీళ్లు గొట్టాలను తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది. ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ ఆ అక్టోబర్‌లోనే ఈ నీళ్లు మానేసింది. పసిపిల్లలున్న ఇళ్లు మరో ఏడాది వాటినే తాగాయి.

మోసం ఎక్కడో రహస్యంగా దాగి లేదు. పరీక్షకు ముందురోజు రాత్రి కొళాయి కొంతసేపు వదిలేయమని ఇళ్లవాళ్లకు చెప్పారు. అలా చేస్తే గొట్టంలో పేరుకున్న సీసం ముందే కొట్టుకుపోతుంది. తీసిన 71 శాంపిళ్లలో రెండింటిని లెక్కలోంచి తప్పించారు. ఆ రెండూ ఉంటే ఊరి నీళ్లలో సీసం లెక్క 15 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 15 వంతులు) హద్దు దాటేది. తీసేశాక 11కు దిగింది. దీన్ని పట్టుకోవాలంటే ఆ శాంపిళ్లు తీసేయకముందు, తీసేశాక ఉన్న రెండు నివేదికలు పక్కపక్కన పెట్టుకుని వరుస వరుసా చదివే ఓపిక కావాలి. అధికారి మాట విన్నాక కూడా మళ్లీ అదే గుమ్మం ఎక్కగలగాలి.

ఘనతంతా రేడియోదే అనడం అన్యాయం. వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్, పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ తరఫున రాసిన కర్ట్ గయెట్, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో చూపిన డాక్టర్ మోనా హన్నా అటిషా, అన్నిటికన్నా ముందు ఆ ఊరి తల్లులు పోరాడారు. అయితే ఆ గొంతులన్నిటినీ ఒకచోట చేర్చి, అధికారులు ఏ రోజు ఏం చెప్పారో నమోదు చేసి వినిపించినవాళ్లలో మిషిగన్ రేడియో ముందుంది. 2015 డిసెంబర్‌లో లిండ్సే స్మిత్ చేసిన ‘నాట్ సేఫ్ టు డ్రింక్’ డాక్యుమెంటరీ అలాంటి పనే.

అక్కడే ఆరోగ్య విలేకరిగా పనిచేసిన కేట్ వెల్స్ ప్రస్థానం కూడా చూడాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ లైంగిక అకృత్యాలను 2016లో బయటపెట్టింది ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక. వెల్స్, స్మిత్ కలిసి 2018లో చేసిన ‘బిలీవ్డ్’ పాడ్‌కాస్ట్ అంతకన్నా కష్టమైన ప్రశ్న వేసింది. 2004లో పోలీసులకు, 2014లో అతను పనిచేసే యూనివర్సిటీకి ఫిర్యాదు అందినా అందరూ అతన్నే ఎలా నమ్మారు? దానికి పీబడీ పురస్కారం వచ్చింది. 2023లో ఒక అబార్షన్ క్లినిక్ కథనానికి ఆమె బృందం పులిట్జర్ తుది జాబితాలో నిలిచింది. ఏళ్ల తరబడి ఒకే ప్రాంతాన్ని అంటిపెట్టుకుని ఉన్నవాళ్లకే బాధితులు తలుపు తీస్తారు. పబ్లిక్ మీడియా ఈ విలేకరులకు ఇచ్చింది ఆ వ్యవధినే.

ఇప్పుడు దానికే గండి పడింది. పబ్లిక్ మీడియాకు ప్రభుత్వ నిధులు పంచేందుకు 1967 చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ తన నిధుల్లో అధిక భాగం స్థానిక స్టేషన్లకే ఇచ్చేది. పాలకుల ఆగ్రహానుగ్రహాలకు లోబడకుండా ఉండాలనే రెండేళ్ల ముందే నిధులు కేటాయించే పద్ధతి పెట్టారు. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ అలా కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. మరుసటి నెలలోనే కార్పొరేషన్ మూసివేత మొదలైంది. పెద్ద నగరాల స్టేషన్లు శ్రోతల విరాళాలతో నెట్టుకొస్తాయి. పల్లెల్లో, ఆదివాసీ ప్రాంతాల్లో ఉన్న స్టేషన్లకు ఆ దారి లేదు. ఆస్పత్రులు కూడా మూతపడుతున్న చోట్లు చాలావరకు అవే.

ప్రభుత్వ సొమ్ము తింటూ ప్రభుత్వాన్ని ప్రశ్నించగలరా అన్న సందేహం కొట్టిపారేయదగింది కాదు. వెస్ట్ వర్జీనియాలో ప్రభుత్వ కేంద్రాల్లోని వికలాంగుల దుస్థితి గురించి రాసిన పబ్లిక్ మీడియా విలేకరి 2022 డిసెంబర్‌లో ఉద్యోగం కోల్పోయారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒత్తిడే కారణమని ఆమె అన్నారు, సంస్థ కాదంది. ఇలాంటి వివాదాలు నిధులకూ న్యూస్‌రూమ్‌కూ మధ్య గట్టి కంచె కట్టాలని చెబుతున్నాయి. పశువులు పడ్డాయని ఎవరూ చేను తగలబెట్టుకోరు.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి లేదు. ఫ్లింట్‌కు గంట ప్రయాణంలో ఉన్న ట్రాయ్, నోవైలలో ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఇక్కడ ఏలూరులో 2020 డిసెంబర్‌లో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. కెమెరాలు ఆస్పత్రి వార్డులు వదిలి వెళ్లాక, అవి ఒంట్లోకి ఎలా చేరాయని ఏళ్ల తరబడి అడగడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఒకరుండాలి. ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ వ్యాధికీ అంతే. ప్రకటనల ఆదాయంతో నడిచే సంస్థకు ఇలాంటి కొలువు గిట్టుబాటు కాదు.

మన ఆకాశవాణిని నడిపే ప్రసార భారతికి స్వయంప్రతిపత్తి ఇచ్చే చట్టం 1990లోనే వచ్చింది, 1997లో అమలైంది. ఆ స్వేచ్ఛ కాగితం దాటి రావాలంటే ఆకాశవాణి తరఫున జిల్లాకొక పూర్తికాలపు ఆరోగ్య విలేకరిని వేయాలి. బదిలీ భయం లేని పదవీకాలం, నీటి పరీక్షల, ఆస్పత్రుల రికార్డులు అడిగి తీసుకునే హక్కు వాళ్లకు ఇవ్వాలి. ఒక జిల్లా ఆస్పత్రికి ఏటా అయ్యే ఖర్చు ముందు ఆ జీతం ఏపాటిది? రోగం ముదిరాక వైద్యానికి కోట్లు పోసే ప్రభుత్వాలు, రోగం ఎక్కడ పుడుతోందో ముందే అడిగే మనిషికి జీతం ఇవ్వడానికి వెనకాడకూడదు.