రెండు డిస్కులున్నాయన్న ధీమా

మా ఇంటి సర్వర్ అంటే పెద్దదేం కాదు. మూలపడ్డ నా పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి, హైదరాబాద్ ఫ్లాట్‌లో చెప్పుల స్టాండ్ మీద రౌటర్ పక్కన పెట్టా. కరెంటు పోతే దాని బ్యాటరీయే యూపీఎస్. కాకపోతే ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, అప్పుడప్పుడు తిప్పి చూసుకోవాలి.

2021 జూన్‌లో గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచిత నిల్వ ఆపేసి, 15 జీబీలోనే సర్దుకోమన్నప్పుడు పుట్టిన ఆలోచన ఇది. రెండు హార్డ్‌డిస్కులు తగిలించి రెయిడ్-1 చేశా. అంటే ఒకదాంట్లో రాసింది అప్పటికప్పుడే రెండోదాంట్లోనూ పడుతుంది. తెనాలిలో ఉన్న అమ్మ ఫోన్ కూడా రోజూ దీంతో సింక్ అయ్యేది. ఇంకేం భయం అనుకున్నా.

ఈ వేసవిలో అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, ఫోన్ నిండిపోయిందంటోందని అమ్మమ్మ రికార్డింగులు తీసేశా. నీ పెట్టెలో ఉన్నాయిగా, ఆవకాయ పాళ్ళు చెప్పింది ఒకసారి పంపు" అంది. అమ్మమ్మ శివరాత్రి వెళ్ళాక పోయింది. తను మాట్లాడుతుంటే అమ్మ ఫోన్‌లో రికార్డు చేసుకున్నవి అవి.

చూస్తే ఫోల్డర్ ఖాళీ. అమ్మ ఫోన్‌లో తీసేయగానే సింక్ ఆ మాట సర్వర్‌కి చెప్పింది, సర్వర్ రెండు డిస్కుల్లోనూ తుడిచేసింది. నేను చెప్పిన పనే చేసింది పాపం. రెయిడ్ కాపాడేది డిస్కు చెడిపోయినప్పుడే, మన చెయ్యి జారినప్పుడు కాదు. కాలేజీలో చదివాను, ఆఫీసులో పదిమందికి చెప్పాను కూడా! పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్ రాత్రంతా నడిపా. ముక్కలు దొరికాయి గానీ, వినపడేది ఒక్కటీ లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అన్నీ ఒక డిస్కులోకి కాపీ చేసి అమ్మ బీరువాలో పడేశా. అదే ఆదుకుంది. ఆవకాయ పాళ్ళు దొరికాయి. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య అమ్మమ్మ మాట్లాడినవి మాత్రం ఇక లేవు. అమ్మ ఏమీ అనలేదు, "పోనీలేరా" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆ డిస్కుని తెనాలిలోనే చిన్న రాస్‌బెర్రీ పైకి తగిలించా. రోజూ రాత్రి ఆర్‌సింక్ కొత్తవి అక్కడికి పంపుతుంది. డిలీట్ ఆప్షన్ మాత్రం పెట్టలేదు, పెడితే మళ్ళీ అదే కథ. సింక్‌థింగ్ లాంటివి వాడేవాళ్ళు ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేసుకోండి, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. రెండిళ్ళ మధ్య దారికి టెయిల్‌స్కేల్ పెట్టా, రౌటర్‌లో పోర్టులేవీ తెరవలేదు.

నెలకోసారి ఆ డిస్కులోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తున్నా. మొన్న ఆదివారం వచ్చింది గోంగూర పచ్చడిది. మధ్యలో అమ్మమ్మ దగ్గు కూడా ఉంది అందులో.