కామా దగ్గర దొరికిపోయాం

మూడో ఏడాది మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్ తీసుకున్న పని వినడానికి చిన్నదే. సీ షార్ప్ ఫైల్ ఇస్తే, అందులోని పబ్లిక్ మెథడ్లన్నిటికీ టెస్ట్ కాల్స్ మా ప్రోగ్రామే రాసిపెట్టాలి. నేను రెగెక్స్‌తో కానిచ్చేశాను. పేరు పట్టుకోవడం, బ్రాకెట్లలో ఉన్నది కామాల దగ్గర ముక్కలు చేయడం, కాల్ అతికించడం. అంతే.

రివ్యూలో సార్ ఇచ్చిన ఫైల్లో ఒక మెథడ్ డిక్షనరీ తీసుకుంటోంది. స్ట్రింగ్‌కీ ఇంట్‌కీ మధ్య కామా చూసి, మా ప్రోగ్రాం ఒక్క పారామీటర్‌ని రెండు చేసింది. కామెంట్లో పడుకోబెట్టిన పాత మెథడ్‌ని కూడా లేపి పిలిచింది!

మార్కులు పోతే పోయాయి. నా బాధ వేరు. అదే సెమిస్టర్‌లో కంపైలర్ డిజైన్ చదివాం, పార్సింగ్ టేబుల్స్ నింపి పాసయ్యాం. ఆ కంపైలర్‌నే అడగొచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మైక్రోసాఫ్ట్ 2014లో ఓపెన్ సోర్స్ చేసిన రోస్లిన్ అలా అడగడానికి వీలున్న కంపైలరే. దాని సిమాంటిక్ మోడల్ ద్వారా మెథడ్‌ని పట్టుకుంటే పారామీటర్లు ఎన్ని, ఏ టైప్, రెఫా అవుటా, డిఫాల్ట్ విలువ ఉందా అన్నీ చెబుతుంది. కాల్‌ని అక్షరాలుగా అతికించక్కర్లేదు, సింటాక్స్ ఫ్యాక్టరీతో చెట్టుగా కట్టొచ్చు. (ఖాళీల సంగతి మనం చూసుకోకపోతే రిటర్న్ పక్క పేరుతో సంధి కలిపేసుకుంటుంది, అది వేరే కథ.)

అయితే చెట్టు కుదిరింది కదా అని నమ్మేయకూడదు. లేని మెథడ్‌కి కూడా ఫ్యాక్టరీ చక్కటి కాల్ కట్టిస్తుంది. "నిప్పుతో తడుపుతున్నాడు" అన్న వాక్యంలో విభక్తి, క్రియ అన్నీ సరే, యోగ్యతే లేదంటారు మన శాస్త్రకారులు. ఇదీ అంతే. కట్టిన కాల్‌ని మళ్ళీ కంపైలర్‌కిచ్చి, ఎర్రర్లు వస్తున్నాయేమో చూడాల్సిందే.

"పది లైన్ల పనికి ఇంత హంగామానా?" అన్నాడు మా రూమ్మేట్. నిజమే, మా రెగెక్స్ కంటే కొత్త కోడ్ చాలా పెద్దదైంది. ఒక్కసారి వాడి పారేసేదైతే నేనూ రెగెక్సే రాస్తాను. కానీ ఎవరో రాసిన కోడ్‌ని పిలవాలంటే దాన్ని చదవడం తెలిసినవాడినే అడగాలి. కంపైలర్ ల్యాబ్‌లో కనీసం ఒక్క ప్రయోగమైనా దీనిమీద పెట్టాలని నా వాదన.

సెలవుల్లో మళ్ళీ రాసి అదే ఫైల్ మీద నడిపాం. డిక్షనరీ ఒక్క పారామీటర్‌గానే వచ్చింది. కామెంట్ జోలికి పోలేదు. ఒకే పేరుతో రెండు ఓవర్‌లోడ్లున్న చోట మాత్రం మేము నల్ పంపితే, ఏది పిలవాలో తెలియట్లేదని కంపైలర్ ఆపేసింది. ఇప్పుడు నల్ ముందు టైప్ పేరు కాస్ట్‌గా రాయిస్తున్నాం.