పొదుగుకి పారాణి

అక్కుపల్లి అనగానే మన ఫోన్లలో బీచ్ ఫొటోలే. ఆ సముద్రం నుంచి కాస్త ఇవతలికి రండి. అంతా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటలు, వాటి మధ్య ఇళ్లు, పెరట్లో ఆవులు. ఆ ఆవుకి ఓ పొద్దున్నే పొదుగు గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, పాలు విరిగినట్టు వస్తే? అదే పొదుగువాపు. సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. అశ్రద్ధ చేస్తే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. పాలమ్ముకుని బతికే ఇంటికి అది చిన్న దెబ్బేం కాదు.

మొదట్లోనే గుర్తిస్తే దీనికి పెరట్లో, వంటింట్లో దొరికే మందుంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు, అదే ఎన్‌డీడీబీ, రైతులకి నేర్పుతున్నదే. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలం సున్నం 15 గ్రాములు. మూడూ కలిపి రుబ్బితే ముద్ద ఎర్రబడుతుంది. మ్యాజిక్ ఏం కాదు. పసుపుకి సున్నం తగిలితే రంగు మారుతుంది, పెళ్లిలో పారాణిలాగే.

పాలన్నీ పిండేసి, పొదుగు శుభ్రంగా కడగండి. గుప్పెడు ముద్దని నీళ్లలో పలచగా కలిపి పొదుగంతా పూయండి. రోజుకి 10 సార్లు, 5 రోజులు. కిటుకంతా ఈ లెక్కలోనే ఉంది. రెండుసార్లు రాసి "పనిచెయ్యలేదు" అంటే ఎలా?

ఇంత ఓపిక ఎందుకంటారా? యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పాలలో ఆ మందు కొన్నాళ్లు ఉంటుంది. డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు తాగకూడదు, అమ్మకూడదు. పైగా ఇష్టమొచ్చినట్టు వాడితే సూక్ష్మజీవులు మందుకి లొంగడం మానేస్తాయి. అవసరం లేనిచోట సూది తగ్గితే పశువుకీ మంచిదే, మనకీ మంచిదే.

అలాగని పాతదంతా బంగారం కాదు. జబ్బుచేసిన పశువుకి వాతలు పెట్టడమూ పాత పద్ధతే. దానివల్ల మిగిలేది పుండే. గాలికుంటుకి టీకా వేయించాల్సిందే, ఏ ఆకూ దాని పని చెయ్యలేదు. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పొదుగు చల్లబడి నల్లగా మారినా ఇక రుబ్బురోలు దగ్గర కూర్చోవద్దు. వెంటనే 1962కి ఫోన్ కొట్టండి. సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబర్ అది.

మీ నాయనమ్మకి ఇలాంటివి ఇంకెన్నో తెలిసుంటాయి. కాకపోతే ఆవిడ కొలతలు "కాసింత", "గుప్పెడు". ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ గుప్పెడుని తూకం వెయ్యండి. ఏ ఆకు, ఎంత, ఏ జబ్బుకి, ఎన్నాళ్లు అని ఆవిడ మాటల్లోనే వీడియో తియ్యండి. తీసింది పశువుల డాక్టర్‌కి చూపించి, ఆ తర్వాతే ఆవుకి వాడండి.