పత్తర్‌గట్టీని ఒకసారి చూసి రండి

హెచ్ఎండీఏ కమిషనర్ గారికి,

2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో చాలాచోట్ల కట్టడాల విస్తీర్ణంపై పరిమితిని ఎత్తేసింది. ముంబయి, బెంగళూరుల్లో స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో లెక్క ఉంటుంది. ఇక్కడ రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ సరిపోతే చాలు. ఫలితం కోకాపేట, నార్సింగి దారుల్లో కనిపిస్తూనే ఉంది.

చాలా టవర్లలో కింది అంతస్తులన్నీ కార్లకే. పక్కన నడిచి వెళ్లేవాళ్లకు ఓ కిటికీ గానీ, దుకాణం గానీ, కాసింత నీడ గానీ తగలదు. బోసి గోడ, జనరేటర్ల రొద. పైనేమో పడమటి ఎండకు ఎదురుగా అద్దాలు బిగించి, లోపల పొద్దంతా ఏసీలు. మే నెలలో ఈ ఊరి ఎండ సంగతి డిజైన్ గీసినవారికి ఎవరూ చెప్పలేదు కాబోలు!

ఇదే ఊళ్లో, 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీ బజారును కట్టించింది. వరసగా రాతి కమానులు, దుకాణాల ముందు నీడపట్టున నడిచే దారి. సైన్‌బోర్డులు సగం కప్పేసినా ఆ పొందిక చెక్కుచెదరలేదు.

నగరవాసులు గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు. అనుమతి ఇచ్చేముందు వీధివైపు ముఖం ఎలా ఉంటుందో, వాన నీరు ఎటు పోతుందో కూడా చూడండి. పెద్ద టవర్ల ప్లాన్లను జనం ముందు పెట్టి, అభ్యంతరాలకు నెల గడువివ్వండి.

ఇట్లు,
ఓ పాదచారి